సన్నోడు తినడం లేదు

1993 జూన్ 19, శనివారం

మేడమ్ విమానం ఎక్కింది. సాబ్ నెల ముందే ఇంగ్లండు వెళ్లాడు. ఆగస్టు దాకా ఈ అరబ్బు దేశంలో, ఈ అజైబా విల్లాకి రాజును నేనే. రాణివి నువ్వే అని వంట చేసే గురవమ్మతో అంటే గరిటె విసిరింది. తగల్లేదు.

రాజ్యంలో ప్రజలు ముగ్గురు. ముగ్గురూ ఫెర్రెట్లు. ముంగిసకీ పిల్లికీ మధ్యలో ఎక్కడో ఆగిపోయిన జంతువులు. మూరెడు పొడుగు, నాలుగు పొట్టి కాళ్లు, గది నిండా వాసన. మేడమ్ పెట్టిన పేర్లు నాకు నోరు తిరగవు. నా లెక్కలో ప్రతిదాంట్లో ముక్కు దూర్చే పెద్దది పటేల్, తెల్లది దొరసాని, చిన్నది సన్నోడు.

ఇన్నాళ్లూ డబ్బాలో వచ్చే గింజలు తిన్నాయి. మేడమ్ ఏదో పత్రికలో చదివి, అవి మంచివి కావంది. ఇక పచ్చి మాంసమే పెట్టాలట. కోడి రెక్క, గుండె, కార్జం, అన్నీ ఎముకతో సహా. మొదటి వారం గింజల్లో కొంచెం కలపాలి, రెండో వారం సగం సగం, మూడో వారం నుంచి గింజలు బంద్. రోజు విడిచి రోజు ఒక గుడ్డు. శుక్రవారం శుక్రవారం త్రాసు మీద పెట్టి తూకం చూసి ఫోన్లో చెప్పాలి. కాగితం ఇంగ్లీషులో రాసిచ్చింది. సాబ్ ఆఫీసులో మా పాస్‌పోర్టులు, వీసాలు చూసే జహీరుద్దీన్ వచ్చి, చదివి చెప్పాడు. హైదరాబాదు మనిషి.

చివర్లో నా భుజం మీద చెయ్యేసి, "లింబాద్రీ, ఇవి చచ్చినయ్ అనుకో, నువ్వు మళ్ల బహ్లా సైటుకే. మేడమ్ మాట ఇది భాయ్, నాది కాదు" అన్నాడు.

బహ్లాలో నాలుగేళ్లు ఇటుకలు మోశాను. నా నడుం అక్కడే ఉండిపోయింది, మిగతా మనిషిని ఇక్కడికి వచ్చాను. మళ్లీ వెళ్లను.

సాయంత్రం మొదటి మాంసం. ఆరు రెక్కలు తెచ్చి ఉప్పు, పసుపు పట్టించి రెండు నీళ్లు కడిగి, ముక్కలు కొట్టి గింజల మీద పెట్టాను. తినేవి మేడమ్ జంతువులైనా మాంసం మాంసమే కదా. శుభ్రం శుభ్రమే.

జూన్ 23, బుధవారం

గింజలు తిన్నాయి. మాంసం కూడా అయిపోయింది. ఇంత సులువని తెలిస్తే జహీరుద్దీన్ మాటకి ఆ రాత్రంతా అలా దొర్లేవాణ్ణి కాదు.

గురవమ్మ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. తప్పు నాదే, కానీ నవ్వొస్తుంది. పోయిన నెల ఆమెతో, "సాబ్ ఆర్డర్ అయింది గురవమ్మా. రోజు పొద్దుగాల వంటింట్లకు వోయే ముందు గీ మూడింటికి గుడ్ మార్నింగ్ చెప్పాల్నట" అన్నాను. పాపం, ఎనిమిది రోజులు పంజరం ముందు నిలబడి, కొంగు సర్దుకుని, ఒక్కొక్కదానికీ విడివిడిగా చెప్పింది. తొమ్మిదో రోజు మేడమ్ చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. అప్పటి నుంచి ఇవాళ బుధవారం అని నేను చెప్పినా ఆమె క్యాలెండర్ దగ్గరకి వెళ్లి చూసుకుంటుంది.

జూలై 2, శుక్రవారం

తూకం బాగుంది. మేడమ్ ఫోన్లో "గుడ్ బాయ్" అంది. నలభై ఆరేళ్లు నాకు.

జూలై 3, శనివారం

గింజలు బంద్. డబ్బా తీసి పైన అటక మీద పెట్టాను.

జూలై 6, మంగళవారం

పళ్లాలు ఖాళీ అవుతున్నాయి. పటేల్ మాత్రం నా కాళ్ల మీద ఎక్కి, తిండి పెట్టనట్టు చూస్తాడు. గుడ్డు పెడితే మూడూ కలిసి నిమిషంలో నాకేశాయి. ఇప్పుడే కదా రెక్కలు తిన్నారు, ఇంకేం ఆకలిరా మీకు!

జూలై 9, శుక్రవారం

సన్నోడు తగ్గాడు. త్రాసు తప్పేమో అని కిలో ఉప్పు పొట్లం పెట్టి చూశాను. త్రాసు బాగానే ఉంది. పటేల్, దొరసాని కూడా తగ్గాయి, కానీ వాటికి తగ్గడానికి ఒళ్లుంది. సన్నోడికి ఏముంది, వెన్నుపూస వేలికి తగులుతోంది.

మేడమ్ ఫోన్ చేస్తే "సేమ్ సేమ్" అన్నాను. ఒక్క వారమే కదా. వచ్చే వారానికి సరిచేస్తాను.

ఎండలకి మాంసం చెడుతోందేమో. రేపటి నుంచి పసుపు ఇంకొంచెం ఎక్కువ వేస్తాను.

జూలై 11, ఆదివారం

కూర్చుని ఆలోచించాను. పొద్దున పన్నెండు ముక్కలు పెడతాను. మధ్యాహ్నానికి పళ్లెంలో ఒక్కటీ ఉండదు. తింటే ఒళ్లు రావాలి. రాలేదు. అంటే తినలేదు. తినకపోతే ముక్కలు ఉండాలి. లేవు. అంటే ఎవరో తీస్తున్నారు.

ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను తీయడం లేదు.

జూలై 12, సోమవారం

గురవమ్మ రోజూ పదకొండింటికి తుడుపుకర్ర తీసుకుని ఆ గదిలోకి వెళ్తుంది. తలుపు వేసుకుంటుంది. ఎందుకు వేసుకోవాలి?

అడిగాను. "అవి బయటికి దూకవా? నువ్వు తీసిపెట్టుకో తలుపు, నాకేమి?" అంది.

సమాధానం మరీ తొందరగా వచ్చింది. ముందే తయారు చేసి పెట్టుకున్నట్టు.

జూలై 13, మంగళవారం

తలుపుకి అడ్డంగా కింద నల్ల దారం కట్టాను. పదకొండున్నరకి తెగి ఉంది. ఆమె తుడవడానికి వెళ్తుందని నాకూ తెలుసు, దారం తెగకుండా ఎలా వెళ్తుంది అని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. అయినా తెగింది కదా.

జూలై 14, బుధవారం

ఇన్నాళ్లూ నేను చూడని సంగతి. గురవమ్మ ప్రతి శుక్రవారం బౌషర్ వెళ్తుంది. అక్కడ ఇంకో ఇంట్లో పనిచేసే మున్నీ ఉంది, వాళ్ల రాయచోటి మనిషే. వెళ్లేటప్పుడు చేతిలో స్టీలు డబ్బా. మీద గుడ్డ కట్టి ఉంటుంది. గుడ్డ ఎందుకు?

"గురవమ్మా, డబ్బల ఏముందే?" అని నవ్వుతూ అడిగాను.

"నీ తలకాయ."

"నా తలకాయ గంత చిన్న డబ్బల వట్టదు గాని, జెర చూపియ్యి."

"చూపీను. చూపిస్తే దాంట్లో బల్లినో బొద్దింకనో ఏస్తావు. నీ సంగతి నాకు తెల్దా?"

చూపించలేదు. రాసి పెట్టుకుంటున్నాను. చూపించలేదు.

జూలై 16, శుక్రవారం. పొద్దున

ఆమె స్నానానికి వెళ్లినప్పుడు డబ్బా విప్పాను. మూడు రాగి సంగటి ముద్దలు, పక్కన గోంగూర. మాంసం లేదు.

తెలివైన మనిషి. నేను అడిగాను కదా, ఈ వారం మానుకుంది.

జూలై 16. సాయంత్రం

సన్నోడు ఇంకా తగ్గాడు. గదిలో పరుగెత్తడం లేదు, గోడ పక్కన పడుకుంటున్నాడు.

మేడమ్ ఫోన్ వచ్చింది. సేమ్ సేమ్ అనబోయాను. చెప్పేశాను.  మేడమ్ "వై లింబా, వై?" అని మూడుసార్లు అడిగింది. మాంసం రోజూ పెడుతున్నా, మాంసం పోతోంది అన్నాను. ఎక్కడికి పోతోంది అంది. నాకు తెలియదు అన్నాను. ఇంట్లో ఇంకెవరున్నారు అంది.

నేను పేరు చెప్పలేదు. ఆమె అడిగింది, ఇంట్లో ఎవరున్నారని. ఉన్నదే చెప్పాను.

జూలై 17, శనివారం

నేను పేరు చెప్పలేదు.

జూలై 18, ఆదివారం

ఒకవేళ చెప్పినా, కొంచెం భయపెట్టడానికే అనుకోవచ్చు. సాబ్ ఫోన్ చేసి గట్టిగా అడుగుతాడు, ఆమె దొంగతనం మానేస్తుంది, సన్నోడు తింటాడు, ఆగస్టులో అందరం బాగుంటాం. ఇందులో ఎవరికి నష్టం?

జూలై 19, సోమవారం

జహీరుద్దీన్ వచ్చాడు. గురవమ్మ మేడ మీద బట్టలు ఆరేస్తోంది. నన్ను కారు దగ్గరకి పిలిచాడు.

"గురవమ్మ వీసా క్యాన్సిల్. బేస్తారం టికెట్. పాస్‌పోర్ట్ నా దగ్గరనే ఉంది. బేస్తారం పొద్దున నేనే వచ్చి చెప్త, అప్పటిదంక నువ్వు నోరు తెరవకు. దొంగతనం కేసు పెడదామన్నడు సాబ్. నేనే వద్దని చెప్పిన, పాపం ఆడమనిషి."

"సాబ్ ఒట్టిగ బెదిరిస్తడు అనుకున్న" అన్నాను.

"బెదిరిచ్చుడా? నువ్వు మేడమ్‌కు ఏం చెప్పినవ్? 'గురవమ్మ చోరీ' అన్నవ్. గీ రెండు ముక్కలే నాకు ఫ్యాక్స్‌ల వచ్చినయ్. అనలే?"

అన్నాను. ఇక్కడ ఎవరు చదువుతారని దాచాను? అన్నాను. మేడమ్ గొంతు వింటుంటే బహ్లా సైటు కళ్ల ముందు కనబడింది. నోటికి దగ్గరగా ఉన్న పేరు చెప్పేశాను.

అయినా, ముక్కలు పోవడం నిజం. అది నా కల్పన కాదు.

గురవమ్మ మేడ దిగి, "ఏమంట జహీరన్న, ఊరికే వచ్చినాడు?" అంది. ఆమె కూతురు కడపలో నర్సు ట్రైనింగ్‌లో చేరింది. ఇంకా రెండేళ్లు ఉంది. ఆ సంగతి నాకు ఎవరో చెప్పాల్సిన పని లేదు, రోజూ వింటాను.

"ఏం లేదు. పెట్రోల్ కోసం వచ్చిండు" అన్నాను. విల్లాలో పెట్రోల్ ఎక్కడుంది? ఆమె నన్నొకసారి చూసి వంటింట్లోకి వెళ్లింది.

జూలై 20, మంగళవారం

ఆమె దొంగ అని కళ్లతో చూస్తే నాకు నిద్ర పడుతుంది. అందుకే పొద్దున పదింటికి ముక్కలు పెట్టి, ఆ గదిలోనే కిటికీ కర్టెన్ వెనక నిలబడ్డాను. పంజరం తలుపు తీసే ఉంచాను, రోజూ పగలు అవి గదిలో తిరుగుతాయి.

పటేల్ వచ్చాడు. పళ్లెం వాసన చూశాడు. తుమ్మాడు. ఒక రెక్క ముక్క నోట కరుచుకుని వెనక్కి నడుస్తూ, లాక్కుంటూ, సాబ్ పాత సోఫా కిందకి దూరాడు. ఖాళీ నోటితో బయటికి వచ్చాడు. మళ్లీ ఇంకో ముక్క. దొరసాని వచ్చింది. అదీ అంతే. పన్నెండు ముక్కలు, రెండూ కలిసి, కూలీల్లాగా మోశాయి. ఒక్కటి కూడా నమల్లేదు. సన్నోడు గోడ పక్క నుంచి లేచి, ఖాళీ పళ్లెం దాకా వచ్చి, దాన్ని ఒకసారి నాకి, నాలుక బయటపెట్టి తల విదిలించుకున్నాడు.

సోఫా ఎత్తాను. కింద గుడ్డ చిరిగి ఉంది. లోపల స్ప్రింగుల మధ్య, నెల రోజుల మాంసం. కొంత ఎండి చెక్కలా అయింది, మిగతా దాని గురించి రాయను. ఈ గదికి ముందే అంత వాసన ఉంటే ఇది వేరుగా ఎలా తెలుస్తుంది?

అన్నీ పసుపుగా ఉన్నాయి. కింద ఉన్నవి లేత పసుపు, పైన ఉన్నవి ముదురు. పైవి నేను ఎక్కువ వేసిన వారానివి.

 కాగితంలో పచ్చిది అని ఉంది. వండలేదు కదా, పచ్చిదే అనుకున్నాను. పసుపు, ఉప్పు లేకుండా మాంసం కడగడం అంటూ ఒకటి ఉంటుందని నాకు ఎలా తెలుస్తుంది? మా అమ్మ కడిగింది, మా ఆవిడ కడుగుతుంది, పెళ్లిళ్లలో నేను గంగాళాలకు గంగాళాలు కడిగాను. గుడ్డుకి పసుపు రాయలేదు. గుడ్డు తిన్నాయి.

వీధి చివర బకాలా కొట్టుకి పరుగెత్తి రెక్కలు తెచ్చాను. ఉత్త నీళ్లు కూడా పోయకుండా, అలాగే కొట్టి పెట్టాను. పటేల్ వాసన చూశాడు. తుమ్మలేదు. కూర్చుని, కళ్లు మూసుకుని, ఎముకతో సహా తిన్నాడు. దొరసాని తింది. సన్నోడు కార్జం కొంచెం నాకాడు, అంతే. నేను దగ్గరకి వెళ్తే వెనక్కి జరిగాడు.

బేస్తవారానికి ఇంకా రెండు రోజులు.

జూలై 21, బుధవారం

పొద్దున వంటింట్లోనే చెప్పేశాను.

"గురవమ్మా, నీ వీసా క్యాన్సిల్ చేసిండ్రు. రేపు టికెట్. నేనే చేసిన. నువ్వు మాంసం దొంగతనం చేస్తున్నవని మేడమ్‌తోని చెప్పిన. తప్పయింది."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, పగలబడి నవ్వింది. చేతిలోని టమాట కింద పడింది.

"ఈసారి బాగా చేసినావబ్బా. ముఖం కూడా ఏడుపు ముఖం పెట్టినావు. ఈ పొద్దు అవిటికి గుడ్ మార్నింగ్ చెప్పాల్నా, గుడ్ నైటా?"

"నీ బిడ్డ మీద ఒట్టు, నిజం చెప్తున్న."

"నా బిడ్డ మీద నువ్వేంటికి ఒట్టేస్తావు? నీ బిడ్డల మీద ఏసుకోపో."

"నా బిడ్డల మీద ఒట్టు."

"ఊఁ. పో, పో. ఉల్లిగడ్డలు దెచ్చిపెట్టు."

చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి సోఫా కింద చూపించాను. ముక్కు మూసుకుంది. "ఇదీ నువ్వే పెట్టినావా? ఈ మధ్య నీ ఎకసెక్కాలకు హద్దు ల్యాకుండా పోయింది" అని తుడుపుకర్ర తెచ్చింది.

పదింటికి ఆఫీసుకి ఫోన్ చేశాను. జహీరుద్దీన్‌కి మొత్తం చెప్పాను. ఆయన కూడా మొదట నవ్వాడు. తర్వాత కోపం తెచ్చుకున్నాడు.

"లింబాద్రీ, నీ మాట మీద సాబ్ ఒక మనిషిని పంపుతున్నడు. మళ్ల నీ మాట మీదనే ఆపాల్నా? పోయిన రంజాన్‌ల నువ్వు పోలీసు గొంతు పెట్టి నాకు ఫోన్ చేసినవ్ యాదికున్నదా? నేను రెండు గంటలు స్టేషన్ బయట నిలవడ్డ. నీ నోటిని నేను నమ్మ. రాసియ్యి. సంతకం పెట్టు. ఇంగ్లీష్‌ల నేను తిప్పుత, సాబ్‌కు ఫ్యాక్స్ చేస్త."

"రాసిస్తే నా సంగతేంది?"

"నీకు తెల్వదా?"

తెలుసు.

నాలుగో తరగతి చదువు. ఈ డైరీలో ఎలాగైనా రాస్తాను, ఎవరూ చూడరు కాబట్టి. ఆ కాగితం రాయడానికి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పట్టింది. మొదటి కాగితంలో "పొరపాటున గురవమ్మ పేరు వచ్చింది" అని రాశాను. చించేశాను. రెండో దాంట్లో "మేడమ్ అడిగితే చెప్పాను" అని రాశాను. అదీ చించేశాను. మూడో దాంట్లో ఇలా ఉంది: గురవమ్మ ఏమీ తీయలేదు. మాంసానికి నేను పసుపు రాశాను, అందుకే అవి తినలేదు, దాచిపెట్టాయి. నిజం తెలుసుకోకుండానే, నన్ను పంపేస్తారని భయపడి ఆమె పేరు చెప్పాను.

ఆఖరి మాట రాయడానికే ఎక్కువసేపు పట్టింది.

జూలై 22, గురువారం

జహీరుద్దీన్ పొద్దున ఏడింటికి వచ్చాడు. జేబులో ఆమె పాస్‌పోర్టు ఉంది, టికెట్ కూడా. అది చూశాకే గురవమ్మ నవ్వు ఆగింది. 

ఆయన నా కాగితం పైకి చదివాడు. ఆమెకి చదువు రాదు. చదివినంతసేపూ నన్ను చూడలేదు, కాగితాన్నే చూసింది, అందులో నేను ఉన్నట్టు. పసుపు దగ్గర జహీరుద్దీన్‌కి నవ్వొచ్చింది, మింగేశాడు.

అయ్యాక ఆమె అడిగింది. "నిజంగానే చెప్పినావా? దొంగ అని?"

"చెప్పిన."

"నాలుగేండ్లు ఈ ఇంట్లో నేను ఉప్పు రాయి కూడా అడక్కుండా తియ్యలేదు."

"నాకు ఎరుకే."

"ఎరుకైతే ఎట్ల చెప్పినావు?"

 జహీరుద్దీన్ ఫ్యాక్స్ పంపడానికి వెళ్లాడు. పదిన్నరకి ఫోన్ వచ్చింది. ఆమె టికెట్ ఆగింది.

జూలై 23, శుక్రవారం

మేడమ్ ఫోన్లో నాతో మాట్లాడలేదు. గురవమ్మనే పిలవమంది.

నాకు కబురు జహీరుద్దీన్ చెప్పాడు. రేపు బహ్లా బండి. ఫెర్రెట్లు ఇక గురవమ్మ పని.

జూలై 24, శనివారం

బండి పదింటికి. తొమ్మిదింటికి ఆమెకి పని చూపించాను.

"రెక్కను గిట్ల కీలు దగ్గర కొట్టాలె. ఉప్పొద్దు, పసుపొద్దు, ఏం రాయొద్దు."

ఆమె కత్తి పట్టుకుని నన్ను చూసింది. "ఉత్త నీళ్లన్నా పోయాల్నా వద్దా?"

"అవసరం లేదు."

"కడగొద్దా?" కత్తి కింద పెట్టింది. వెళ్లి ఆఫీసుకి ఫోన్ చేసింది. "జహీరన్నా, ఈయన కడగొద్దు అంటాండాడు. కాగితంలో ఏముందో చూసి చెప్పు." వింది. వచ్చి కత్తి తీసుకుంది.

"ఎముక తియ్యొద్దు. గవి మెత్తగ నములుతయ్" అన్నాను.

మళ్లీ ఫోన్.

"రోజు విడిచి రోజు గుడ్డు" అన్నాను.

మళ్లీ లేచింది. నాలుగోసారికి అటు నుంచి జహీరుద్దీన్ అరుపు నాకే వినబడింది. గుడ్డు సంగతి, గుండె సంగతి, అన్నీ అడిగి తెలుసుకుంది. నేను చెప్పిన ప్రతి మాటా నిజమే. ఒక్కటీ నా నోటి నుంచి తీసుకోలేదు. నేను గుమ్మం బయటికి జరిగి నిలబడ్డాను.

ఆమె పళ్లెం పట్టుకెళ్లి గోడ పక్కన, సన్నోడి ముందు నేల మీద కూర్చుంది. ఒక ముక్క వేళ్లతో పట్టుకుని వాడి ముక్కు దగ్గర పెట్టింది. వాడు వాసన చూశాడు. తల తిప్పుకున్నాడు. మళ్లీ పెట్టింది.

"తిను నాయనా. ఇది నేను కోసింది."

బయట డ్రైవర్ హారన్ కొట్టాడు. నేను కదల్లేదు. మళ్లీ కొట్టాడు. లోపల ఎముక విరిగిన చప్పుడు చిన్నగా వినబడింది, తర్వాత ఇంకొకటి. గురవమ్మ నా వైపు తిరగలేదు.

పెట్టె ఎత్తుకుని వెళ్లి బండిలో కూర్చున్నాను.